2,999కే గోవా టికెట్: పేమెంట్ పేజీ దాకా వెళ్ళి చూద్దాం

ఈ రోజు ఎపిసోడ్ ట్రావెల్ గురించి. కానీ గోవాలో చూడాల్సిన పది ప్లేసులు టైపు కాదు, ఆ వీడియోలు యూట్యూబ్ నిండా ఉన్నాయి. మనం మాట్లాడుకునేది డబ్బు గురించి. ఫ్లైట్, హోటల్ బుక్ చేసేటప్పుడు మన జేబులోంచి డబ్బు ఎక్కడెక్కడ జారిపోతుందో, దాన్ని ఎలా ఆపుకోవచ్చో చూద్దాం.

కొత్తగా చూస్తున్నవాళ్ళ కోసం ఒక్క మాట. నేను బీటెక్ చేసి కొన్నాళ్ళు సాఫ్ట్‌వేర్‌లో పని చేశాను. ట్రావెల్ కంపెనీలో కాదు. కానీ యాప్‌లో ఒక బటన్ ఏ రంగులో ఉండాలి, ఏ బాక్స్‌లో ముందే టిక్ పడి ఉండాలి అనేవి ఎంత ఆలోచించి పెడతారో దగ్గర్నుంచి చూశాను. సగం మందికి ఒక రకం స్క్రీన్ చూపిస్తారు, మిగతా సగానికి ఇంకో రకం. ఏ స్క్రీన్ మీద ఎక్కువ డబ్బు వచ్చిందో లెక్క చూసి దాన్నే ఉంచేస్తారు. అందుకే బుకింగ్ యాప్ ఓపెన్ చేస్తే నేను ప్యాసింజర్‌లా కాదు, టెస్టర్‌లా చూస్తాను. ఏం చేస్తాం, అలవాటైపోయింది.

సరే, విషయానికి వద్దాం. మా పిన్ని కొడుకు బీటెక్ అయిపోయింది. వాళ్ళది నలుగురి బ్యాచ్. ఇద్దరికి హైదరాబాద్‌లో మంచి ఉద్యోగాలు వచ్చాయి. ఒకడు చిన్న జీతంతో సపోర్ట్ జాబ్‌లో ఉన్నాడు. నాలుగోవాడు ఇంకా అమీర్‌పేటలో కోచింగ్. వాడు పిల్లలకి ట్యూషన్లు చెప్పి పది వేలు దాచుకున్నాడట, గోవా కోసం. మా వాడు ఫోన్ చేసి, "అన్నా, టికెట్ 2,999కి చూపిస్తోంది, కొట్టేయమంటావా?" అన్నాడు. "ఆగరా బాబూ, డబ్బు కట్టొద్దు గానీ ఆఖరి పేజీ దాకా వెళ్ళి స్క్రీన్‌షాట్ పెట్టు" అన్నాను.

ఎందుకలా అన్నానంటే, ఇలాంటి ప్లాన్లు ఎలా చెడతాయో మీకూ తెలుసు. మొదటి రోజు వాట్సాప్ గ్రూప్‌లో "రానూపోనూ ఆరు వేలురా" అంటారు. వారం తిరిగేసరికి అది పదిహేను వేలు అవుతుంది. అప్పుడు గ్రూప్‌లోంచి జారుకునేది ఎవరు? జీతం ఎక్కువున్నోడు కాదు. డబ్బు లేనోడు. "నాకు ఇంట్లో పనుంది, మీరు వెళ్ళి రండి" అంటాడు. ఇంట్లో ఏ పనీ ఉండదు. నేను ఈ రోజు చెప్పే లెక్కలన్నీ ఆ నాలుగోవాడి పది వేలు దృష్టిలో పెట్టుకునే చెప్తున్నాను. ఇంకో మాట, ఇందులో టికెట్ రేట్లు, క్యాబ్ రేట్లు లెక్క అర్థం కావడానికి వేసుకున్నవి. మీరు చూసే రోజుకి అవి మారిపోతాయి. లెక్క చేసే పద్ధతి మాత్రం మారదు.

మొదటి విషయం. మా వాడు 2,999 అన్నాడు కదా, అది ఒక్కరికి వెతికితే వచ్చిన రేటు. ప్యాసింజర్ల సంఖ్య నాలుగు పెట్టి వెతికాడు. తలకి 3,640 చూపించింది. వీడు వెంటనే "అన్నా, నా ఫోన్ ట్రాక్ చేసి రేటు పెంచేశారు, ఇన్‌కాగ్నిటోలో చూడమంటావా" అని మొదలుపెట్టాడు.

ఈ ఇన్‌కాగ్నిటో సంగతి చాలామంది కామెంట్స్‌లో అడుగుతుంటారు. మీరు రెండోసారి వెతికారు కాబట్టి కుకీ చూసి రేటు పెంచేశారు అనేది బాగా పాకిపోయిన నమ్మకం. కానీ రేటు మారడానికి అసలు కారణం సాధారణంగా అది కాదు. విమానంలో ఎకానమీ సీట్లన్నీ చూడ్డానికి ఒకటే అయినా, అమ్మేటప్పుడు వాటిని బకెట్లుగా విడగొడతారు. ఒక్కో బకెట్‌కి ఒక్కో ఇంగ్లిష్ అక్షరం, ఒక్కో రేటు. తక్కువ రేటు బకెట్‌లో కొన్ని సీట్లే ఉంటాయి. అవి అయిపోతే పై బకెట్ తెరుచుకుంటుంది. ఎవరైనా పట్టుకుని పేమెంట్ చేయకుండా వదిలేస్తే కింది బకెట్‌లోకి సీటు మళ్ళీ రావచ్చు కూడా. పొద్దున ఒక రేటు, సాయంత్రం ఒక రేటు, మళ్ళీ రాత్రికి పాత రేటు కనిపించడానికి ఇది పెద్ద కారణం. వెతికే సైట్లు కాసేపు పాత రేటునే దాచుకుని చూపిస్తాయి, అదింకో కారణం. క్లిక్ చేయగానే "రేటు మారింది" అని వస్తుంది చూశారా, అది అదే.

ఇప్పుడు అసలు కిటుకు. రైతు బజార్లో ఒకాయన దగ్గర రెండు బుట్టల మామిడికాయలు ఉన్నాయనుకోండి. కాయలు ఒకటే. మొదటి బుట్ట కాయ ముప్పై, రెండో బుట్ట కాయ ముప్పై ఆరు. మొదటి బుట్టలో రెండే మిగిలాయి. మీరు నాలుగు అడిగారు. "నాలుగూ ముప్పై ఆరు లెక్కనే ఇవ్వండి" అంటే ఊరుకుంటారా? మా అమ్మ అయితే బజారంతా వినపడేలా గొడవ పెట్టుకుంటుంది. కానీ విమానం టికెట్ల దగ్గర జరిగేది చాలాసార్లు ఇదే. ఒకే బుకింగ్‌లో నలుగురిని అడిగితే, నలుగురికీ సరిపడా సీట్లు ఏ బకెట్‌లో ఉన్నాయో ఆ రేటే అందరికీ వేస్తుంది.

కాబట్టి గ్రూప్‌గా వెళ్తే ముందు ఒకరికి వెతకండి, తర్వాత ఇద్దరికి, ముగ్గురికి, అలా. మా వాళ్ళకి ఇద్దరి దాకా 2,999 చూపించింది, ముగ్గురు అనగానే 3,640 అయింది. అంటే కింది బకెట్‌లో ఉన్నవి రెండు సీట్లే. ఇద్దరిద్దరుగా రెండు బుకింగ్‌లు చేస్తే 641 చొప్పున ఇద్దరికి 1,282 రూపాయలు మిగులుతాయి. అవి ఎవరికి మిగలాలో వాళ్ళలో వాళ్ళు తేల్చుకోవాలి. నేనైతే కోచింగ్‌లో ఉన్నవాడికి తక్కువ రేటు టికెట్ ఇవ్వమన్నాను. దీంట్లో ఒక చిక్కు ఉంది. పీఎన్‌ఆర్‌లు రెండవుతాయి, ఫ్లైట్ టైమ్ మారినా క్యాన్సిల్ అయినా రెండింటికీ విడివిడిగా చూసుకోవాలి. కన్వీనియెన్స్ ఫీజు తలకి కాకుండా బుకింగ్‌కి ఇంత అని తీసుకునే చోట అది రెండుసార్లు పడుతుంది. అది కూడా లెక్కలో వేసుకోండి. చిన్నపిల్లలతో, పెద్దవాళ్ళతో వెళ్ళే ఫ్యామిలీ అయితే నేను విడగొట్టమని చెప్పను.

ఇప్పుడు పేమెంట్ పేజీకి వెళ్దాం. మా వాడు పంపిన స్క్రీన్‌షాట్‌లో 2,999 టికెట్ చివరికి 3,908 అయింది. ఎలా? కన్వీనియెన్స్ ఫీజు 350. ట్రావెల్ ఇన్సూరెన్స్ 249, వీడు అడగలేదు, టిక్ పడి ఉంది. సీటు 300, ఎందుకంటే "సీటు ఎంచుకోండి" అని పేజీ వస్తే ఎంచుకోవాల్సిందే అనుకున్నాడు. పది రూపాయలు ఏదో దానం. 909 రూపాయలు ఎక్కువ. నలుగురికి, రానూపోనూ వేసుకుంటే ఏడు వేలు దాటుతుంది. గోవాలో రెండు రోజుల గది అద్దె అంత అది.

వీటికి పేర్లున్నాయండీ. డార్క్ ప్యాటర్న్స్ అంటారు. 2023 నవంబర్ 30న సెంట్రల్ కన్స్యూమర్ ప్రొటెక్షన్ అథారిటీ వీటి మీద మార్గదర్శకాలు ఇచ్చింది, 13 రకాలు పేరుపేరునా రాసింది. అడగకుండా బిల్లులో వస్తువు దూర్చడం బాస్కెట్ స్నీకింగ్. మొదటి పేజీలో ఒక రేటు చూపించి ఆఖర్లో ఒక్కొక్కటి కలపడం డ్రిప్ ప్రైసింగ్. ఇన్సూరెన్స్ వద్దు అంటే "నా ప్రయాణాన్ని రిస్క్‌లో పెట్టడానికి నేను సిద్ధం" అని మన చేతే నొక్కించే బటన్ ఉంటుంది చూడండి, అది కన్ఫర్మ్ షేమింగ్. సిగ్గుపడకండి, ధైర్యంగా నొక్కేయండి. "రెండు సీట్లే మిగిలాయి" అని ఎర్ర అక్షరాలు అబద్ధమైతే అది ఫాల్స్ అర్జెన్సీ. ఇక్కడ కాస్త జాగ్రత్తగా చెప్తాను. బకెట్ల లెక్క చూశాం కదా, ఆ రేటుకి నిజంగానే రెండు సీట్లు ఉండొచ్చు. నిజమా కాదా తేల్చుకోవడానికి ఇందాకటి పద్ధతే, ప్యాసింజర్ల సంఖ్య పెంచి చూడండి.

సీటు విషయం చెప్పి ముందుకెళ్తాను. సీటు, భోజనం లాంటివి డబ్బు కట్టి తీసుకోవడం మన ఇష్టం మీద ఉండాలని డీజీసీఏ నియమమే ఉంది. ఆ పేజీలో కింద ఎక్కడో "స్కిప్" అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. దాటేస్తే చెక్-ఇన్ టైమ్‌లో ఏదో ఒక సీటు వాళ్ళే ఇస్తారు. మధ్య సీటు రావచ్చు. గంటన్నర ప్రయాణానికి మధ్య సీటైతే ఏమైంది? పిల్లలతో వెళ్ళేవాళ్ళకి ఒకటి: 12 ఏళ్ళ లోపు పిల్లలకి అమ్మో నాన్నో, ఒకరి పక్కనైనా సీటు ఇవ్వాలని 2024లో డీజీసీఏ చెప్పింది. ఆ భయంతో సీటు కొనక్కర్లేదు. ఇన్సూరెన్స్ పనికిరాదు అనడం లేదు నేను. విదేశాలకి వెళ్తే హాస్పిటల్ ఖర్చు కవర్ అయ్యేది తప్పకుండా తీసుకోండి. కానీ మూడు వేల టికెట్ మీద, ఏం కవర్ అవుతుందో చదవకుండా 249 కట్టడం దండగ.

బ్యాగ్ సంగతి కూడా ఇక్కడే. దేశంలో తిరిగే ఫ్లైట్స్‌లో మామూలు టికెట్‌కి చేతిలో 7 కిలోలు, లోపల వేసేది 15 కిలోలు అనేది ఎక్కువగా కనిపించే లెక్క. కొన్ని ఎయిర్‌లైన్స్ "లైట్" పేరుతో చేతి బ్యాగ్ మాత్రమే ఉన్న టికెట్ అమ్ముతున్నాయి. వెతికినప్పుడు లిస్టులో పైన కూర్చునేది అదే. మూడు రోజుల గోవాకి నలుగురికీ నాలుగు సూట్‌కేసులు ఎందుకు? ఇద్దరు లైట్ టికెట్, ఇద్దరు బ్యాగ్ ఉన్న టికెట్ తీసుకుంటే సరిపోతుంది. లేదు, బ్యాగ్ కావాలి అంటే బుకింగ్‌లోనే కలుపుకోండి. ఎయిర్‌పోర్ట్ కౌంటర్ దగ్గర కలిపితే రేటు వేరేగా ఉంటుంది. అక్కడ బేరం లేదు.

ఇప్పటిదాకా టికెట్. కానీ అసలు డబ్బు పోయేది ఇంకో చోట. ఇంటి గుమ్మం నుంచి హోటల్ మంచం దాకా ఎంతయిందో లెక్క వేసేవాళ్ళు తక్కువ. గోవా దీనికి మంచి ఉదాహరణ, ఎందుకంటే అక్కడ రెండు ఎయిర్‌పోర్ట్‌లు ఉన్నాయి. పాతది దబోలిం, వాస్కో పక్కన. కొత్తది మోపా, ఉత్తరాన పెర్నెం వైపు, 2023 జనవరి నుంచి నడుస్తోంది. యాప్‌లో రెండూ "గోవా" అనే కనిపిస్తాయి, పక్కన మూడక్షరాల కోడ్ మాత్రమే తేడా.

మా వాళ్ళు ఉండాలనుకున్నది పాలోలెం బీచ్ దగ్గర. అది దక్షిణాన చివర్లో ఉంటుంది. మోపా నుంచి వంద కిలోమీటర్లకి దగ్గర. దబోలిం నుంచి అరవై చిల్లర. 2,999 టికెట్ మోపాకి, దిగేది రాత్రి 10:40కి. దబోలింకి ఇంకో ఫ్లైట్ ఉంది, 3,700, మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంటకి దిగుతుంది. ఏది చవక? టికెట్ చూస్తే మోపా ఏడు వందలు చవక. ఇప్పుడు మిగతాది వేద్దాం. ఆ అర్ధరాత్రి బస్సులు దొరకడం కష్టం. గోవాలో ఓలా, ఊబర్ నడవవు, అక్కడి ట్యాక్సీలు లేదా అక్కడి యాప్‌లే. అంత దూరానికి ట్యాక్సీ 3,600 అనుకుంటే తలకి 900. అర్ధరాత్రి దాటాక వెళ్ళి పడుకోవడానికి ఒక రాత్రి గది, 1,200 చొప్పున రెండు గదులు, తలకి 600. మొత్తం 4,499. దబోలిం అయితే ముందు రోజు రాత్రి ఇంట్లోనే పడుకుంటారు, పగలు దిగుతారు, మడ్గావ్ మీదుగా బస్సు మారి వెళ్ళొచ్చు. రెండు వందలు వేసుకుందాం. 3,900. ఖరీదైన టికెట్టే తలకి 599 చవకయింది. ఇదే బ్యాచ్ అరాంబోల్ వైపు ఉండాలనుకుంటే లెక్క తిరగబడుతుంది, అప్పుడు మోపానే దగ్గర.

అందుకే ముందు ఎక్కడ పడుకుంటారో తేల్చుకుని, తర్వాత ఫ్లైట్ చూడండి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు.

మన వైపు కూడా ఇదే లెక్క. కూకట్‌పల్లి నుంచి శంషాబాద్‌కి తెల్లవారుజామున క్యాబ్ అంటే టికెట్‌లో మూడో వంతు ఖర్చయినా ఆశ్చర్యం లేదు. ఆర్టీసీ పుష్పక్ బస్సుల టైమ్ చూసుకుని, దానికి సరిపడే ఫ్లైట్ వెతకండి. విజయవాడ, రాజమండ్రి, తిరుపతి వాళ్ళు దగ్గరి ఎయిర్‌పోర్ట్ నుంచి రేటు, హైదరాబాద్ దాకా బస్సులో వచ్చి ఎక్కితే రేటు, రెండూ పక్కపక్కన రాసి చూడండి. అలా వచ్చేటప్పుడు బస్సుకి, ఫ్లైట్‌కి మధ్య నాలుగైదు గంటలైనా గ్యాప్ ఉంచండి. బస్సు లేటైతే ఎయిర్‌లైన్ వాడికి సంబంధం లేదు. రెండు ఫ్లైట్లని విడివిడి టికెట్లుగా కొని కలుపుకున్నా అంతే. మొదటిది లేటయి రెండోది తప్పిపోతే, రెండో టికెట్ డబ్బు గోవింద. ఒకే టికెట్ మీద ఉన్న కనెక్టింగ్ ఫ్లైట్ అయితే చేర్చే బాధ్యత వాళ్ళది.

టైమ్ బాగా ఉన్నవాళ్ళకి, సికింద్రాబాద్ నుంచి వాస్కోకి వారానికి రెండు రోజులు రైలు ఉంది, 2024 అక్టోబర్‌లో మొదలైంది. స్లీపర్ టికెట్ ఫ్లైట్ కన్వీనియెన్స్ ఫీజులకి కాస్త ఎక్కువ ఉంటుందేమో, అంతే. ఒక పూట వెళ్ళడం రైల్లో, రావడం ఫ్లైట్‌లో పెట్టుకున్నా తప్పేం లేదు.

ఎప్పుడు బుక్ చేయాలి? మంగళవారం అర్ధరాత్రి బుక్ చేస్తే చవక లాంటివి నేను నమ్మను. ఏ రోజు కొంటున్నాం అనే దానికన్నా ఏ రోజు ఎగురుతున్నాం అనేది ముఖ్యం. హైదరాబాద్ నుంచి గోవా శుక్రవారం సాయంత్రం, తిరుగు ప్రయాణం ఆదివారం సాయంత్రం, ఇది హైటెక్ సిటీ మొత్తం కోరుకునే టైమ్. దాన్ని మంగళవారం వెళ్ళి గురువారం రావడంగా మార్చండి, తేడా మీకే కనిపిస్తుంది. గూగుల్ ఫ్లైట్స్‌లో డేట్ గ్రిడ్ అని ఉంటుంది, వెళ్ళే తేదీలు ఒక వైపు, వచ్చే తేదీలు ఒక వైపు, మధ్యలో రేట్లు. స్కైస్కానర్‌లో నెల మొత్తం ఒకేసారి చూడొచ్చు. అక్కడ చూడండి, ట్రాక్ ప్రైస్ ఆన్ చేసి పెట్టుకోండి, కొనేది మాత్రం ఎయిర్‌లైన్ సొంత సైట్‌లో రేటు కూడా చూశాక. రెండూ ఒకటే అయితే నా ఓటు ఎయిర్‌లైన్‌కే. ఏదన్నా తేడా వచ్చినప్పుడు మధ్యలో ఇంకొకడు లేకపోతే పని తొందరగా అవుతుంది.

పండగల దగ్గర మన వాళ్ళు వాడుకోని ఒక అవకాశం ఉంది. సంక్రాంతికి ముందు హైదరాబాద్ అంతా కోస్తా వైపు పరిగెడుతుంది. హైదరాబాద్ నుంచి వైజాగ్ టికెట్ ఆకాశంలో ఉంటుంది. అదే విమానం తిరిగి రావాలి కదా? వైజాగ్ నుంచి హైదరాబాద్ వచ్చే సీట్లు ఆ రోజుల్లో అంత గిరాకీగా ఉండవు. కనుమ తర్వాత ఇది తిరగబడుతుంది. కాబట్టి పండక్కి పిల్లలు ఊరెళ్ళలేకపోతే, అమ్మానాన్నలే హైదరాబాద్ వచ్చేలా ప్లాన్ చేయొచ్చు. పల్లెలో ముగ్గులు, కోడిపందేలు మిస్సవుతారు, దానికి నా దగ్గర సొల్యూషన్ లేదు.

గోవా హోటళ్ళకి డిసెంబర్ ఆఖరి పది రోజులు మర్చిపోండి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వానాకాలం, గది రేట్లు బాగా దిగుతాయి. కానీ ఆ నెలల్లో బీచ్ షాక్‌లు తీసేస్తారు, సముద్రంలో దిగనివ్వరు. పచ్చదనం, జలపాతాలు, పాత చర్చిలు చాలు అనుకునేవాళ్ళకి అది బంగారం లాంటి సీజన్. నీళ్ళలో ఆడుకోవాలని వెళ్తే డబ్బు మిగిలినా ట్రిప్ మిగలదు.

హోటల్ దగ్గరికి వద్దాం. చాలా యాప్‌లు మొదట చూపించే రేటు ఒక రాత్రికి, ట్యాక్స్ కలపకుండా. ఫిల్టర్‌లోనో సెట్టింగ్స్‌లోనో "మొత్తం, ట్యాక్స్‌తో" అని మార్చుకునే వీలు ఉంటే ముందు అది చేయండి. తర్వాత జీఎస్టీ. 2025 సెప్టెంబర్ 22 నుంచి గది రేటు రోజుకి 7,500 దాకా ఉంటే 5 శాతం. అంతకు ముందు 12 ఉండేది. 7,500 దాటితే 18 శాతం. "అంత గది మనమెందుకు తీసుకుంటాం" అనుకోకండి. నలుగురైదుగురు కలిసి విల్లా తీసుకుంటే సరిగ్గా ఆ గీత దగ్గరే ఉంటుంది. 7,400 రేటున్న విల్లాకి ట్యాక్స్‌తో 7,770. 7,600 ఉన్నదానికి 8,968. రేటులో తేడా 200, కట్టేదాంట్లో తేడా 1,198. ఓనర్‌తో బేరమాడేటప్పుడు ఈ గీత గుర్తుంటే, ఆయన వంద తగ్గించినా మీకు వెయ్యి మిగులుతుంది.

బేరం అంటే గుర్తొచ్చింది. చిన్న హోటళ్ళు, గెస్ట్ హౌస్‌లు యాప్‌లకి కమిషన్ కట్టుకుంటాయి. యాప్‌లో చూసి, ఫోన్ చేసి, "ఆన్‌లైన్‌లో ట్యాక్స్‌తో ఇంత ఉంది, నేరుగా తీసుకుంటే ఎంతకిస్తారు?" అని మర్యాదగా అడగండి. కొందరు తగ్గిస్తారు, కొందరు బ్రేక్‌ఫాస్ట్ కలుపుతారు, కొందరు యాప్‌లోనే చేసుకోండి అంటారు. కానీ ఇక్కడ చాలా జాగ్రత్త. సెర్చ్‌లోనో మ్యాప్‌లోనో దొరికిన నంబర్ ఆ హోటల్‌దే అని గ్యారంటీ లేదు. నకిలీ వెబ్‌సైట్ పెట్టి, అందమైన ఫొటోలు పెట్టి, "ఫుల్ అడ్వాన్స్ కొడితే ముప్పై శాతం తగ్గింపు" అని యూపీఐ క్యూఆర్ పంపేవాళ్ళున్నారు. ఆ డబ్బు ఒక మనిషి పేరు మీదున్న అకౌంట్‌కి వెళ్తోందంటే ఆగండి. వచ్చాక కడతాం అనండి. ఒప్పుకోకపోతే యాప్‌లోనే చేసుకోండి, ఆ కమిషన్ మన భద్రత ఖర్చు అనుకోండి. ఒకవేళ డబ్బు పోతే ఆలస్యం చేయకుండా వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

నేను హోటల్ ఎలా బుక్ చేస్తానంటే, ముందు ఫ్రీ క్యాన్సిలేషన్ ఉన్నది, హోటల్ దగ్గర కట్టేది ఒకటి పట్టుకుంటాను. తర్వాత వారానికోసారి చూస్తాను. అదే గది తగ్గితే కొత్తది బుక్ చేసి పాతది క్యాన్సిల్ చేస్తాను. నాన్-రిఫండబుల్ రేటు కొంచెం తక్కువ ఉంటుంది, నిజమే. కానీ మన నలుగురిలో ఒకడికి ఇంటర్వ్యూ కాల్ వస్తే? కోచింగ్‌లో ఉన్నవాడికి రావాలనే కదా మనం కోరుకునేది. ఫ్రీ క్యాన్సిలేషన్ ఏ తేదీ, ఏ టైమ్ దాకానో చదివి ఫోన్‌లో అలారం పెట్టుకోండి. ఇంకోటి, హౌస్ రూల్స్ చదవండి. కొన్ని హోటళ్ళు ఆ ఊరి ఐడీ ఉన్నవాళ్ళకి గది ఇవ్వవు, కొన్ని పెళ్ళికాని జంటలకి ఇవ్వవు. రాత్రి పదకొండుకి రిసెప్షన్‌లో వాదించి గెలిచేది ఏమీ ఉండదు. అప్పటికప్పుడు దొరికే గది ఎప్పుడూ ఖరీదే.

స్కూటీ గురించి ఒక ముక్క. గోవాలో అద్దెకి తీసుకునేటప్పుడు నల్ల నంబర్ ప్లేట్ మీద పసుపు అక్షరాలు ఉన్నదే తీసుకోండి. తెల్ల ప్లేట్ అంటే సొంత బండి, అద్దెకి ఇవ్వకూడదు. వంద తక్కువకి వస్తుంది, పోలీసు ఆపితే ఆ వందకి చాలా రెట్లు పోతుంది.

ఆఫర్లు, ఈఎంఐ. బ్యాంక్ ఆఫర్లు వాడుకోండి, కార్డు మీ దగ్గర ఉంటే. ఆఫర్ కోసం కార్డు తీసుకోకండి. "నో కాస్ట్ ఈఎంఐ" అన్నప్పుడు వడ్డీని డిస్కౌంట్‌గా చూపిస్తారు గానీ, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ బ్యాంక్ మన దగ్గరే వసూలు చేస్తుంది. పైన ప్రాసెసింగ్ ఫీజు ఉంటుంది చాలాసార్లు. "ఇప్పుడు తిరిగి రండి, తర్వాత కట్టండి" అనేది అప్పు. కిస్తీ తప్పితే సిబిల్‌లో కనిపిస్తుంది, రేపు ఎడ్యుకేషన్ లోన్‌కో బైక్ లోన్‌కో వెళ్ళినప్పుడు అడుగుతారు. మా బ్యాచ్‌లో ఒకడు ఆ నాలుగోవాడి వాటా ఈఎంఐలో పెడదాం అన్నాడట. నేను వద్దన్నాను. నాలుగు రోజుల ట్రిప్‌ని మూడు రోజులు చేసి, మధ్య వారంలో పెట్టుకోమన్నాను. వాడి పది వేలలో ట్రిప్ పట్టింది, ఇంకా కొంచెం మిగిలింది.

చివరిగా క్యాన్సిలేషన్, ఎందుకంటే కామెంట్స్‌లో ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. "నాన్-రిఫండబుల్ టికెట్ అన్నా, మొత్తం పోయినట్టేనా?" కాదు. క్యాన్సిలేషన్ చార్జీ బేస్ ఫేర్, ఫ్యూయల్ సర్‌చార్జీ కలిపినదానికి మించకూడదు అని డీజీసీఏ నియమం. ప్రభుత్వ ట్యాక్సులు, ఎయిర్‌పోర్ట్ తీసుకునే యూడీఎఫ్ లాంటివి ప్రోమో టికెట్ అయినా, నాన్-రిఫండబుల్ అయినా వెనక్కి ఇవ్వాలి. హైదరాబాద్ నుంచి వెళ్ళే టికెట్‌లో ఒక్క యూడీఎఫే వందల్లో ఉంటుంది. చాలామంది "ఎలాగూ ఏం రాదులే" అని క్యాన్సిల్ కూడా చేయకుండా వదిలేస్తారు. వెళ్ళలేం అని తెలిసిన వెంటనే, ఫ్లైట్ బయల్దేరక ముందే క్యాన్సిల్ కొట్టండి. ఫేర్ బ్రేకప్ ఓపెన్ చేసి ఏది బేస్, ఏది ట్యాక్స్ అని చూసుకుని లెక్క అడగండి. డబ్బు వెనక్కి ఇవ్వకుండా "క్రెడిట్‌గా ఉంచాం, మళ్ళీ బుకింగ్‌కి వాడుకోండి" అంటే, అది ఒప్పుకోవాలా వద్దా అనేది మన ఇష్టం, వాళ్ళంతట వాళ్ళు చేయకూడదు.

ఇంకా, ఎయిర్‌లైన్ దగ్గర నేరుగా కొని, ప్రయాణానికి వారం పైన టైమ్ ఉంటే, బుక్ చేశాక కొంత గడువులోపు చార్జీ లేకుండా క్యాన్సిల్ చేసుకునే వీలు ఉంది. విదేశీ టికెట్లకి, యాప్‌ల ద్వారా కొన్నవాటికి షరతులు వేరుగా ఉండొచ్చు, కొనే ముందే ఆ పేజీ చదవండి. నేను దీన్ని ఎలా వాడతానంటే, రేటు బాగున్నప్పుడు రాత్రికి రాత్రి టికెట్ కొనేస్తాను, పొద్దున లేచి లీవ్ దొరుకుతుందో లేదో అడుగుతాను. ఇప్పుడైతే బాస్ నేనే కాబట్టి దొరుకుతుందనుకోండి.

డబ్బు వెనక్కి రాకపోతే ముందు ఎయిర్‌లైన్‌కి మెయిల్ పెట్టండి, ఫోన్ మాత్రమే చేయొద్దు, రాతలో ఉండాలి. తర్వాత ఎయిర్‌సేవ పోర్టల్‌లో ఫిర్యాదు. యాప్ వాళ్ళు అడగని ఇన్సూరెన్స్ కలిపారు, హోటల్ ఫొటోకి గదికి పొంతన లేదు లాంటివైతే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915. స్క్రీన్‌షాట్లు ఉంటే పని సులువు, అందుకే మొదటి రేటు కనిపించిన పేజీది, ఆఖరి పేమెంట్ పేజీది, రెండూ తీసి పెట్టుకోండి.

మీ దగ్గర అలాంటి రెండు స్క్రీన్‌షాట్లు ఉంటే, పేరు, పీఎన్‌ఆర్ చెరిపేసి, కింద కామెంట్‌లో తేడా ఎంతో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో విదేశీ ట్రిప్‌ల గురించి, కార్డు గీకినప్పుడు పడే ఫారెక్స్ మార్కప్ గురించి మాట్లాడదాం. ఉంటానండీ.